పురికొసతో కట్టిన పెన్‌డ్రైవ్

నా సర్వీసులో ఆఖరి విద్యా సంవత్సరం, ఫిబ్రవరి నెలలో, నర్సీపట్నంలోని మా కళాశాల ప్రిన్సిపాల్ గారు ఒక ఆదివారపు శిబిరానికి నన్ను సమన్వయకర్తగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి నేను కంప్యూటర్ విభాగంలో సీనియర్ లెక్చరర్‌ని, ల్యాబ్ ఇన్‌ఛార్జిని కూడా. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఏదైనా పోతే సంజాయిషీ ఎవరు రాసుకోవాలో తెలియజేసే పదవి అది.

శిబిరం ఎందుకంటే, అంతకు కొన్ని నెలల ముందు చాలామంది ల్యాప్‌టాప్‌లలో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టంకు దాన్ని తయారుచేసిన కంపెనీ మద్దతు ఆపేసింది. ఆపరేటింగ్ సిస్టం అంటే మీట నొక్కగానే ముందుగా లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. కొత్త వెర్షన్ వేసుకుందామంటే పాత యంత్రాలు దాన్ని మొయ్యలేవు. మా విద్యార్థుల దగ్గర ఉన్నవన్నీ యలమంచిలిలోనో విశాఖలోనో కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లే. వాటికి ఓపెన్ సోర్స్ సిస్టంలు సరిపోతాయి. ప్రోగ్రాము ఎలా రాశారో ఆ రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, దాచకుండా అందరికీ తెరిచి ఉంచితే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, చేతనైతే మార్చుకోవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. కాకపోతే కొత్తవాళ్ళకు మొదటిసారి వేసుకోవడం కష్టం. పక్కన కూర్చుని చేయించే మనిషి కావాలి. అందుకే శిబిరం.

విశాఖ నుంచి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు వస్తామన్నారు. వాళ్ళను నడిపించేది సుధీర్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచివాడు, పనిమంతుడు. అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు పూర్తిగా చెప్పడం అతని స్వభావం. ఆ స్వభావం వల్ల మాకు ఎంత చిక్కు వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

ప్రిన్సిపాల్ గారికి ల్యాప్‌టాప్‌ల కంటే వేదిక మీద శ్రద్ధ ఎక్కువ. ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువా లేకపోతే అది కార్యక్రమమే కాదని ఆయన అభిప్రాయం. నిలువెత్తు కటౌటు కూడా ఉండాలన్నారు. ఎవరి కటౌటు అని అడిగాను. ఈ సిస్టంకు ఎవరో ఒకరు పెద్దాయన ఉంటారు కదా అన్నారు. పెద్దాయన లేడు, బొమ్మగా పెంగ్విన్ పక్షి ఉందని చెప్పాను. అయితే పక్షినే పెట్టమన్నారు.

ఫ్లెక్సీ పని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దుకాణం నడిపే అప్పారావుకు అప్పగించాను. రాయవలసిన మాటలు కాగితం మీద ఇచ్చాను, పెంగ్విన్ బొమ్మ అతని ఫోన్‌కు పంపాను. కాగితం మీద నేను రాసింది “ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం ఇన్‌స్టలేషన్ శిబిరం” అని ఒక్క ముక్క. గురువారం ఉదయం తయారై వచ్చిన ఫ్లెక్సీ మీద ఇలా ఉంది:

“ఉచితం! ఉచితం! ఉచితం! ఆపరేటింగ్ సిస్టంల భారీ పంపిణీ. మీ పాత ల్యాప్‌టాప్‌కు కొత్త వెలుగు. ఫ్యాన్ శుభ్రం చేయబడును. అందరూ ఆహ్వానితులే.”

ఫ్యాన్ సంగతి సుధీర్ ఫోన్‌లో చెప్పాడట. ల్యాప్‌టాప్ లోపల వేడి తగ్గించడానికి తిరిగే చిన్న ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటుంది, అదీ దులిపి ఇస్తామని. మిగతాదంతా అప్పారావు సొంత సాహిత్యం.

కటౌటు ఇంకా ఘనంగా వచ్చింది. ప్లైవుడ్ మీద మనిషంత ఎత్తు పెంగ్విన్. రెక్కలు ఉండవలసిన చోట రెండు చేతులు జోడించి నమస్కారం పెడుతోంది. అదేమిటని అడిగితే అప్పారావు నొచ్చుకున్నాడు.

“ఏటండీ మేడమ్ అలగంటారు? రెక్కలేలాడేసుకుని నిలబడితే ఊళ్ళోకొచ్చిన లీడర్లా ఉంటాదేటి? మా కంప్యూటర్లో దండం పెట్టే సేతులు రెడీగా ఉంటాయండి, అందరు లీడర్లకీ అయే తగిలిస్తాం. దీనికీ తగిలించీసినాను. ఎంత నిండుగా ఉన్నాదో సూడండి.”

నిండుగానే ఉంది. తిరిగి చేయించడానికి వ్యవధి లేదు. ఫ్లెక్సీ కాలేజీ గేటుకు కట్టించాం, కటౌటు వరండాలో నిలబెట్టాం. ఆ సాయంత్రమే మునిసిపల్ ఎన్నికల ప్రకటన వెలువడింది.

ప్రకటన వెలువడిన క్షణం నుంచి ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులోకి వస్తుంది. అందరూ దాన్ని కోడ్ అంటారు. నాయకుల ఫ్లెక్సీలు దించాలి, విగ్రహాలకు గుడ్డ చుట్టాలి, ఓటర్లకు ఎవరూ ఏదీ ఉచితంగా పంచకూడదు. దీన్ని చూడటానికి బృందాలు తిరుగుతాయి. బృందానికి డిప్యూటీ తహసీల్దార్ స్థాయి అధికారి ఒకరు, ఒక కానిస్టేబుల్, ఒక వీడియోగ్రాఫర్ ఉంటారు. జరిగినదంతా వీడియో తీయడం తప్పనిసరి.

శుక్రవారం పొద్దున్నే ఆ బృందం మా కాలేజీకి వచ్చింది. అధికారి పేరు వరహాలరావు గారు. సన్నటి మనిషి, నిద్ర చాలని కళ్ళు. కార్యక్రమ ఏర్పాట్ల కోసం సుధీర్ ఆ ఉదయమే పెన్‌డ్రైవ్‌ల పెట్టెతో బస్సు దిగి వరండాలో కూర్చుని ఉన్నాడు. వరహాలరావు గారు కటౌటు ముందు ఆగి, పైనుంచి కిందకు చూసి, “ఈయన ఎవరండీ?” అని అడిగారు.

“పెంగ్విన్ సార్. మా గుర్తు” అన్నాడు సుధీర్.

వీడియోగ్రాఫర్ కెమెరాను పెంగ్విన్ మీదకు తిప్పాడు.

“గుర్తు అని మీరే ఒప్పుకుంటున్నారు. ఏ పార్టీ?”

“పార్టీ కాదు సార్. ప్రపంచమంతటా ఉన్న ఉద్యమం.”

నేను అడ్డుపడి, చిహ్నం అనబోయి గుర్తు అన్నాడని చెప్పాను. వరహాలరావు గారు పెంగ్విన్ ముక్కు వైపు, పాదాల వైపు చూశారు. అవి పసుపు రంగు. ఆ రంగు మన రాష్ట్రంలో ఎవరిదో అందరికీ తెలుసు. తర్వాత ఫ్లెక్సీ మీద “ఫ్యాన్ శుభ్రం చేయబడును” అన్న వాక్యం చదివి మరింత దిగాలు పడ్డారు. ఫ్యాన్ కూడా ఎన్నికల గుర్తే. ఒకే శిబిరం ఒక పక్షాన్ని పొగుడుతోందో, రెండో పక్షాన్ని తిడుతోందో, రెండిటికీ చెందని కొత్త అభ్యర్థి ఎవరో చేతులు జోడించి నిలబడ్డాడో ఆయనకు తేలలేదు.

“కోడ్ అమల్లో ఉందని తెలియదా?” అన్నారు.

“మా కోడ్ అందరికీ ఓపెన్ సార్. ఎవరైనా మార్చుకోవచ్చు” అన్నాడు సుధీర్, ఎంతో మర్యాదగా.

“కోడ్ మార్చుకోవచ్చా?”

“మార్చి మళ్ళీ అందరికీ పంచవచ్చు కూడా సార్.”

కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఇంతలో వరహాలరావు గారి దృష్టి పెన్‌డ్రైవ్‌ల పెట్టె మీద పడింది. అవేమిటన్నారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ సిస్టంలో చాలా రకాలున్నాయి, మా వృత్తిలో ఒక్కో రకాన్ని ‘డిస్ట్రిబ్యూషన్’ అంటారు. ఆ మాటకు రెవెన్యూ శాఖలో, ముఖ్యంగా ఎన్నికల వేళ, పంపిణీ అని ఒకటే అర్థం.

“ఇవి డిస్ట్రిబ్యూషన్ సార్” అన్నాడు సుధీర్.

“ఇప్పటికి ఎన్ని డిస్ట్రిబ్యూషన్లు అయ్యాయి?”

“వందల్లో ఉంటాయి సార్. అన్నీ మేం చెయ్యలేదు. జర్మనీలో, అమెరికాలో కూడా చేస్తారు.”

ఒక్కోదాని విలువ ఎంత అని వరహాలరావు గారు అడిగారు. లోపలున్న దానికి విలువ లేదన్నాడు సుధీర్, సున్నా అన్నాడు. విలువ లేకపోతే జనం ఎందుకు తీసుకుంటారని ఆయన ప్రశ్న. ఎంతమందికి పంచితే అయిపోతాయని అడిగితే, ఎంతమందికి పంచినా తరగదని జవాబు. ఈ మాట విన్నాక వరహాలరావు గారు చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నారు. తరగని వస్తువును ఓటర్లకు ఉచితంగా పంచే సందర్భం ఆయనకు ఇచ్చిన శిక్షణలో రాలేదు. పెట్టెకు గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేసి పట్టుకెళ్ళారు. కటౌటుకు ముసుగు వేయమని, ఫ్లెక్సీలో “ఉచితం” తీసేయమని, శనివారం సాయంత్రంలోగా నన్ను కార్యాలయానికి వచ్చి కనిపించమని చెప్పి వెళ్ళారు.

నా పరిస్థితి ఏమిటో చెప్పాలి. పదవీ విరమణ దగ్గర పడుతున్న ప్రభుత్వ ఉద్యోగి మీద కోడ్ ఉల్లంఘన కింద శాఖాపరమైన విచారణ మొదలైతే, అది తేలేదాకా పూర్తి పెన్షన్ రాదు, గ్రాట్యుటీ రాదు. అలాంటి విచారణ తేలడానికి ఏళ్ళు పట్టిన మనుషులను నేను స్వయంగా ఎరుగుదును. ఇన్నేళ్ళ సర్వీసూ చేతులు జోడించిన ఒక పక్షి పాలవుతుందేమోనని నాకు నిజంగా భయం వేసింది. ప్రిన్సిపాల్ గారు వెంటనే తనకు షుగర్ ఎక్కువైందని సెలవు పెట్టి విశాఖ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, ఉత్తర్వులో సమన్వయకర్త మీరేనని నాకు గుర్తుచేశారు.

“ఉచితం” అన్న మూడు చోట్లా కాగితం అతికించి ఇంకో మాట రాద్దామన్నాడు సుధీర్. ఈ సాఫ్ట్‌వేర్ సిద్ధాంతంలో అసలు ముఖ్యం ఉచితం కాదు, వాడుకునేవాడి స్వేచ్ఛ అట. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఫ్రీ’ అన్న ఒకే మాట ఉండి గందరగోళం అవుతుంది గానీ తెలుగులో ఆ బాధ లేదని సంతోషపడ్డాడు. అలా శుక్రవారం సాయంత్రానికి మా ఫ్లెక్సీ “స్వేచ్ఛ! స్వేచ్ఛ! స్వేచ్ఛ! అందరూ ఆహ్వానితులే” అని పిలవడం మొదలుపెట్టింది.

శనివారం పొద్దున మామూలు బట్టల్లో ఒకాయన వచ్చి, మీ ఉద్యమంలో సభ్యులెవరు, సమావేశాలు ఎక్కడ జరుగుతాయి, ఏజెన్సీ నుంచి ఎవరెవరు వస్తున్నారు అని చాలా స్నేహంగా అడిగాడు. ఏ విభాగం అన్నది చెప్పలేదు. మన్యానికి గుమ్మంలాంటి ఊళ్ళో గేటుకు స్వేచ్ఛ అని మూడుసార్లు రాసి కడితే ఎవరో ఒకరు రాకుండా ఉండరు. ఆయనకు టీ ఇచ్చి, ల్యాబ్ చూపించి, పంపించి, ఫ్లెక్సీ మొత్తం దింపించేశాను.

కటౌటుకు తెల్లగుడ్డ చుట్టించాను. అది ఇంకా పెద్ద పొరపాటయింది. ఊళ్ళో ముసుగు వేసినవన్నీ నాయకుల విగ్రహాలే కాబట్టి, ఇదెవరిదో కొత్త నాయకుడిదని జనం అనుకున్నారు. మధ్యాహ్నానికి ఒక వార్డు కార్యకర్త వచ్చి మా అటెండరును పక్కకు పిలిచి, లోపలున్నది అవతలి పార్టీ మనిషేనా అని ఆరా తీశాడు. కాసేపటికి అవతలి పార్టీ మనిషి వచ్చి అదే ప్రశ్న వేశాడు. అటెండరు ఇద్దరికీ ఒకే జవాబిచ్చాడు. “అది పిట్టండి.” ఇద్దరూ నమ్మలేదు.

ఈ గోల మధ్యలో సీదరి చిన్నమ్మి వచ్చింది. కృష్ణదేవిపేట అవతల కొండల్లో ఊరు ఆమెది. నలభై ఏళ్ళ మనిషి. ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు కలిసి పసుపు దంచి పొడి చేసి, కరక్కాయ, చింతపండు సేకరించి శుభ్రం చేసి అమ్ముతారు. ఆ సంఘానికి ఆమె కార్యదర్శి. తువ్వాలులో చుట్టి బియ్యపు సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్‌ను చంటిబిడ్డను దించినట్టు నా బల్ల మీద దించింది. శిబిరం రేపు కదా అన్నాను.

“రేపు ఆదోరం మా కాడ ఆటోలు సరిగ్గా దొరకవమ్మా. అందుకే బేగి ఒచ్చీసినాను. ఇది సూడండి, మీట నొక్కితే ఏదో నీలం రంగు తిరుగుతాది, తిరుగుతాది, మళ్ళా ఆరిపోతాది. మా సరుకు ఫోటోలు, ఎవులికెంత పంపినామో అన్నీ దీన్లోనే ఉన్నాయి. సోమోరం విశాపట్నంలో కొనుగోలుదార్లు పిలిసినారు. అయి సూపించకపోతే మా మాటెవులు నమ్ముతారు?”

నకలు ఎక్కడైనా పెట్టుకున్నారా అని అడిగాను. నకలేటని ఆమె అడిగింది.

శిబిరం జరుగుతుందో లేదో నాకే తెలియదు. పెన్‌డ్రైవ్‌లు లక్క సీలు కింద ఉన్నాయి. ఆ మాట చెబితే ఆమె, “మరి నన్నేటి సెయ్యమంటారు? ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాను. గానీ సోమోరానికి ముందు మళ్ళా ఇక్కడికి రాలేనమ్మా, పసుపు కళ్ళంలో ఉన్నాది” అంది. కోపంగా కాదు, విషయం చెప్పినట్టు చెప్పింది. ఆ రాత్రి మా ఇంట్లో ఉండమని చెప్పి, నేను వరహాలరావు గారి కార్యాలయానికి బయలుదేరాను.

ఆయన ముందు ఫైళ్ళ గుట్ట, పక్కన మా పెట్టె. నేను ఏమీ అడగకముందే, పైఅధికారులకు వివరణ కోరుతూ రాశానని, జవాబు కూడా వచ్చిందని చెప్పి చూపించారు. “నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకొనవలెను” అని ఉంది. ముప్పై ఏళ్ళుగా మా శాఖలోనూ ఇదే వాక్యాన్ని చదివిన దాన్ని కాబట్టి నాకు ఆయన మీద జాలి కలిగింది. వెనకటి ఎన్నికల్లో ఒక నీళ్ళ ట్యాంకు వెనకవైపున్న నాయకుడి బొమ్మకు సున్నం కొట్టించడం మరచిపోయి ఆయన మెమో తిన్నారట. “మేడమ్, మీ పక్షి మంచిదే కావచ్చు. కానీ రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోయేది నాది” అన్నారు.

“పోతే ఇద్దరిదీ పోతుంది” అన్నాను. ఆ మాటతో ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

ఇద్దరం కలిసి ఆలోచించాం. శిబిరం అన్న మాట తీసేశాం. కళాశాలలో ప్రాక్టికల్ తరగతి పెట్టుకోవడానికి కోడ్ అడ్డు కాదు. బయటివాళ్ళు వచ్చి నేర్చుకోవడానికీ అడ్డు లేదు. ఫ్లెక్సీ, మైకు, వేదిక, అతిథి ఉండవు. అసలు చిక్కు పంపిణీ. ఎవరి చేతి నుంచీ ఎవరి చేతికీ ఏ వస్తువూ వెళ్ళకూడదు. ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్ళు తెచ్చుకుంటే, ఇంటర్నెట్ నుంచి ల్యాబ్‌లో దింపుకున్న సిస్టంను అందులోకి ఎక్కించుకోవచ్చని నేను చెప్పాను. గాలిలోంచి వచ్చేదానికి సీలు వేసే నిబంధన తన దగ్గర లేదని ఆయన ఒప్పుకున్నారు.

“మరి తెచ్చుకోని వాళ్ళు?” అన్నాను, చిన్నమ్మిని తలచుకుని. “ల్యాబ్ పెన్‌డ్రైవ్ ఒకటుంది. అది వాడుకోనివ్వచ్చా?”

ఆయన చాలాసేపు ఆలోచించారు. చేతికిస్తే పంపిణీ. ఇవ్వకపోతే పని జరగదు. చివరికి ముఖం విప్పారి, “పోస్టాఫీసులో పెన్ను ఎలా ఉంటుందండీ?” అన్నారు.

“దారంతో బల్లకు కట్టి.”

“మరి అది పంపిణీ అని ఎవరైనా అంటారా?”

ఆదివారం ఉదయం ల్యాబ్ తెరిచాను. సుధీర్ కిందటి రాత్రి కూర్చుని సిస్టంను మళ్ళీ దింపాడు. ల్యాబ్ పెన్‌డ్రైవ్‌కు పురికొస కట్టి, కొసను బల్లకాలికి ముడివేశాను. వరహాలరావు గారు వచ్చి ముడి లాగి చూసి, గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వీడియోగ్రాఫర్ పురికొసను దగ్గరగా తీశాడు. టీ కూడా ఎవరిది వారే కొనుక్కోవాలని షరతు. బిస్కెట్ పొట్లం విప్పి పక్కవాడికి చాచిన ఒక కార్యకర్తను కానిస్టేబుల్ గుడ్లురిమి ఆపాడు.

నాతవరం నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి విద్యార్థులు వచ్చారు, ఒకరిద్దరు దుకాణదారులు వచ్చారు. ఉపన్యాసాలు లేవు కాబట్టి చెప్పిన సమయానికే పని మొదలైంది. నా సర్వీసులో అలా మొదలైన ఆదివారపు కార్యక్రమం అదొక్కటే.

చిన్నమ్మి వంతు రాగానే ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పెన్‌డ్రైవ్ గుచ్చే రంధ్రం దానికి అవతలి వైపు ఉంది, పురికొస చాలలేదు. సుధీర్ ముడి విప్పబోతే కానిస్టేబుల్ దగ్గాడు. నేను వరహాలరావు గారిని పిలిచాను. ఆయన వచ్చి పరిశీలించి, ముడి విప్పకుండా పురికొసకు ఇంకొంత పురికొస కలపవచ్చని తీర్పు చెప్పారు. కలిపాం.

ఈ సిస్టంలో ఒక సౌకర్యం ఉంది. యంత్రంలో ఏదీ మార్చకుండానే పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి చూడవచ్చు. అలా నడిపించి లోపలి డిస్క్ తెరిచేసరికి చిన్నమ్మి ఫైళ్ళన్నీ కనిపించాయి. ఎర్రటి కళ్ళంలో పసుపు కొమ్ముల కుప్పలు, చీరకొంగు బిగించి రోకళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు, తూకం రాళ్ళు, సంచుల మీద అంటించిన చీటీలు.

“ఉన్నాయే! ఇదిగో మా వదిన. ఇది మొదటి కాపు. బాబూ, మీరూ సూడండి” అని ఆమె గుమ్మం వైపు కేకేసింది. వరహాలరావు గారు లేచి వచ్చి చూశారు. సేలం పసుపు రంగు కంటే ఇది బాగుందన్నారు.

సుధీర్ ఇక సిస్టం ఎక్కించేద్దామన్నాడు. పాత సిస్టం పక్కన కొత్తదాన్ని పెట్టే దారి ఉంది, ఫైళ్ళకేమీ కాదు, వరసలో ఇంకా చాలామంది ఉన్నారన్నాడు. నేను ఒప్పుకోలేదు. నకలు తీయకుండా ఏ డిస్క్ మీదా చెయ్యి వేయకూడదని నేను పిల్లలకు ఏటా చెప్పే మొదటి పాఠం. ఫైళ్ళన్నీ ముందు ల్యాబ్ కంప్యూటర్‌లోకి తీయించాను. దానికి చాలాసేపు పట్టింది. వెనకున్న వాళ్ళు విసుక్కున్నారు, సుధీర్ ముఖం ముడుచుకున్నాడు. తర్వాతే ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టనిచ్చాను.

పని ఎంతవరకు అయిందో తెర మీద చూపించే గీత సగం దాకా నిండింది. డిస్క్‌ను విభజించి ఫైళ్ళను పక్కకు జరిపే దశ అది, ముట్టుకోకూడని దశ. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ల్యాబ్ యూపీఎస్ మా కంప్యూటర్లను నిలబెట్టింది గానీ, చిన్నమ్మి ల్యాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. తెర నల్లబడింది.

“పోనాదేటి?” అంది చిన్నమ్మి. నా వైపు తిరిగింది. “పోనాదా అమ్మా?”

సుధీర్ ఛార్జర్ తీగ తీసి మళ్ళీ గుచ్చాడు. కరెంటు వచ్చాక మీట నొక్కితే పాత సిస్టమూ లేదు, కొత్తదీ లేదు, డిస్క్ ఖాళీ అన్న సందేశం వచ్చింది. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నేను ఆమెను చెయ్యిపట్టి లేపి, ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అందులో ఆమె ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి చూపించాను. వదిన కనిపించాక ఆమె ఊపిరి తీసుకుంది. “నకలంటే ఇదేనా?” అంది. ఇదేనన్నాను.

మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాం. ఈసారి ఛార్జర్‌ను యూపీఎస్‌కే తగిలించాం. సుధీర్ తొందరపెట్టకుండా పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి సిస్టం లేచింది, ఫైళ్ళన్నీ తిరిగి ఎక్కాయి, తెలుగు అక్షరాలు కూడా వచ్చాయి. వెళ్ళేముందు చిన్నమ్మి సంచిలోంచి పసుపు పొట్లం తీసి వరహాలరావు గారికి ఇవ్వబోయింది. ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కెమెరా వైపు తిరిగి, తాను దేనినీ స్వీకరించడం లేదని స్పష్టంగా చెప్పారు. ఆమెకు కోపం వచ్చింది. “మాకిక్కడ ఓటే లేదు బాబూ. మీకిచ్చి నానేటి సేసుకుంటాను?” అంది. ఓటు లేనివారు అధికారికి పసుపు ఇవ్వవచ్చునా అన్నది ఆయన ఆలోచిస్తూండగానే ఆమె ఆటో ఎక్కేసింది. పొట్లం కుర్చీలో ఉండిపోయింది. దానికీ వీడియో తీసి, సీలు వేశారు.

తర్వాత జరిగినవి చెబుతాను. సోమవారం చిన్నమ్మి విశాఖ వెళ్ళి తన లెక్కలు, ఫోటోలు చూపించుకుంది. పసుపుకు బేరం కుదిరింది, కరక్కాయకు కుదరలేదు. నాకు మెమో వచ్చింది. ముసుగులో ఉన్నది ఎవరో తెలపాలని అందులో ప్రశ్న. పెంగ్విన్ అని, అది దక్షిణ ధ్రువ ప్రాంతపు పక్షి అని, ఈ మునిసిపాలిటీలో దానికి ఏ ప్రయోజనమూ లేదని సంజాయిషీ రాశాను. అంగీకరించారు. సమయానికి రిటైరయ్యాను, పెన్షన్ ఆగలేదు. సీలు వేసిన పెన్‌డ్రైవ్‌లు ఓట్ల లెక్కింపు అయ్యాక వాపసు వచ్చాయి. అప్పటికి సిస్టం కొత్త వెర్షన్ వచ్చేసింది. సుధీర్ అన్నిటినీ చెరిపి మళ్ళీ రాసుకున్నాడు. సెలవు ముగించుకుని వచ్చిన ప్రిన్సిపాల్ గారు, ముఖ్య అతిథి లేకపోవడం ఒక్కటే లోటని అభిప్రాయపడ్డారు.

ఆ శిబిరం వల్ల నేను నేర్చుకున్నవి రెండు. ఒక వృత్తిలోని మాటలకు ఆ గదిలో ఉన్న అర్థం వీధిలో ఉండదు. కోడ్, గుర్తు, పంపిణీ వంటి మాటలు బయటికి పంపేముందు, అవి వినేవాడి ఉద్యోగంలో ఏ అర్థం ఇస్తాయో కనుక్కోవాలి. రెండోది, నకలు తీసిన తర్వాతే పని మొదలుపెట్టాలి. నిబంధనలు మారవచ్చు, కరెంటు పోవచ్చు, పక్కనున్నవాళ్ళు తొందరపెట్టవచ్చు. నకలు ఉంటే పని మళ్ళీ మొదటి నుంచి చేసుకోవచ్చు. లేకపోతే క్షమాపణ తప్ప ఇవ్వడానికి ఏమీ ఉండదు.